వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు

అక్టోబరు 20, ఆదివారం

నాన్నగారు పోయాక డైరీ మానేశాను. పదమూడేళ్ళయింది. ఇవాళ మళ్ళీ రాయాలనిపించింది. మా అమ్మాయి మనస్వి సగం వాడి వదిలేసిన నోట్‌బుక్కు దొరికింది. మొదటి సగంలో దాని కెమిస్ట్రీ ఉంది. వెనకనుంచి మొదలుపెట్టాను.

నరసరాజు తాడేపల్లిగూడెం థియేటర్లో రెండు వరసలు బుక్ చేశాడు. మా తొంభై అయిదు టెన్త్ బ్యాచ్ వాళ్ళం ఇరవై ముగ్గురం వెళ్ళాం. అతనిప్పుడు రైస్‌మిల్లు ఓనరు, మా వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. ఆ సినిమా అప్పటికే మూడుసార్లు చూశాట్ట. పాతికేళ్ళ తర్వాత ఒక స్కూలు పిల్లలందరూ కలుసుకుంటారు. ప్రేమించుకుని చెప్పుకోలేకపోయిన జంట ఒకటి. అబద్ధం చెప్పి ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు ఒకడు. ఆఖర్న వాడు స్టేజీ ఎక్కి "క్షమించరా" అంటాడు. రెండోవాడు కుర్చీల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చి కావలించుకుంటాడు. వాన, పాట. మొత్తం నాలుగు నిమిషాలు.

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పక్క సీట్లో విక్టోరియా చేతిరుమాలు ఇచ్చి, "ఎవరే ఆ అబ్బాయి? మాకెప్పుడూ చెప్పలేదే," అని నవ్వింది. నేనూ నవ్వాను.

బయట టీ తాగుతుంటే నరసరాజు ప్రకటించాడు. డిసెంబరు పదిహేనున మనం కూడా అలాగే కలవాలి, ఒక్కరు కూడా తప్పకూడదు అని. పేర్లు చదివాడు. గంగాభవాని దగ్గర ఆగాడు.

"ఆవిడ ఎక్కడుందో ఎవరికైనా తెలుసాండీ? ఆండాళ్ళూ, మీరిద్దరూ ఒకటే బెంచీ. నువ్వే వెతికి తీసుకురావాలి."

సరే అన్నాను.

అక్టోబరు 22

ఆ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఆ సంగతి ఒకసారి వివరంగా రాసుకోవాలి.

అక్టోబరు 25, శుక్రవారం

1995 జూన్ ఆఖరి వారం. ఒకటే వానలు. భవానిది కొల్లేట్లో మొగలిలంక. గూడెంలో బి.సి. హాస్టల్లో ఉండి మాతో చదివేది. పరీక్షలవగానే హాస్టల్ మూసేస్తారు. వానాకాలం వాళ్ళ లంకకి టపా సరిగ్గా అందదు. అందుకని రెసిడెన్షియల్ కాలేజీ ఎంట్రన్సు అప్లికేషన్లో మా ఇంటి అడ్రసు ఇచ్చింది. కేరాఫ్ సుందరరామయ్య మాష్టారు. నాన్నగారే ఇమ్మన్నారు. ఆయన మా స్కూల్లోనే తెలుగు పండితులు.

ఇద్దరం రాశాం. దానికి సీటొచ్చింది. నాకు వెయిటింగ్ లిస్టులో మొదటి నంబరు. దాని కవరు మా ఇంటికొచ్చింది. జూలై అయిదు లోపల సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. లంక రోడ్డు మీద నీళ్ళు. బస్సులు లేవు. నేను పదిహేనేళ్ళ పిల్లని, ఒక్కదాన్నీ ఎలా వెళ్తాను? గడువు దాటింది. తర్వాతి పేరు నాది కాబట్టి నన్ను పిలిచారు.

ఇంతే జరిగింది. రూలు ప్రకారమే జరిగింది.

నవంబరు 3, ఆదివారం

గ్రూపులో నరసరాజు ఇలాంటి సినిమాల జాబితా పెట్టాడు. పనులు చేసుకుంటూ ఫోన్లో మూడు చూశాను. అన్నిట్లోనూ పోగొట్టుకున్నది ప్రేమే. చెప్పలేకపోయిన మాట, ఎక్కలేకపోయిన రైలు. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చున్న కథ ఒక్కటీ లేదు.

మనస్వి వెనకనుంచి వచ్చి మెడ మీద గడ్డం ఆనించి చూసింది. "నువ్వేం మిస్సయ్యావమ్మా?" అంది.

"ఏం లేదు."

"అదీ మా అమ్మంటే! వెయిటింగ్ లిస్టులో ఉండి కూడా సీటు కొట్టేసింది."

దానికి చిన్నప్పటినుంచీ ఆ కథ చెప్తున్నాను. మార్కులు తగ్గి డీలా పడ్డప్పుడల్లా చెప్పాను. ఓపిక పడితే మన వంతు వస్తుంది అనే నీతితో సహా. నెలాఖరున వాళ్ళ కాలేజీలో 'నాకు స్ఫూర్తి' అని మాట్లాడాలట. ఇంటర్ సెకండియర్ వాళ్ళ తరఫున ఇదే. నా గురించి రాసుకుంది. చదివి వినిపిస్తానంది. గ్యాస్ మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పాలేం లేవు.

నవంబరు 6

నరసరాజు ఫోన్ చేశాడు. అతని లారీ డ్రైవరొకడు కొల్లేటి చెరువులకి తవుడు తోలతాడట. మొగలిలంక గట్టు మీద భవాని భోజనాల షెడ్డు నడుపుతోందని వాడే చెప్పాడు. నంబరు పంపాడు. "ఇవాళే మాట్లాడు," అన్నాడు.

నవంబరు 7

ఫోన్ చెయ్యలేదు. నైన్త్ క్లాసు బయాలజీ పేపర్లు దిద్దాలి.

నవంబరు 9

లైను కలవలేదు.

నవంబరు 10

కలవలేదని రాశాను నిన్న. నేను చెయ్యలేదు.

నవంబరు 14, గురువారం

కామవరపుకోట. నేను పనిచేసే స్కూల్లో బాలల దినోత్సవం. పిల్లలు గ్రౌండులో ఆడుతున్నారు. స్టాఫ్‌రూంలో ఎవరూ లేరు.

రోడ్డు మీద నీళ్ళు రెండు రోజులే ఉన్నాయి. మూడో రోజునుంచి బస్సులు తిరిగాయి.

ఆ ఉత్తరం ఆలస్యంగా రాలేదు. గడువుకి తొమ్మిది రోజుల ముందే వచ్చింది. మధ్యాహ్నం అమ్మ పడుకుంది. పోస్టుమేన్ గేటు దగ్గరే నా చేతిలో పెట్టాడు. కవరు మీద దాని పేరు చూశాను. కాలేజీ ముద్ర చూశాను. నాకేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. పెరట్లోకి వెళ్ళి చించి చదివాను.

సాయంత్రం నాన్నగారు సైకిలు దిగి స్టాండు వేస్తూ అడిగారు.

"భవానికి ఉత్తరమేమైనా వచ్చిందా అమ్మా?"

"లేదు నాన్నగారూ."

మర్నాడు అడిగారు. లేదన్నాను. మళ్ళీ అడిగారు. నాలుగోరోజు ఆయన అడక్కముందే చెప్పాను, ఇవాళ కూడా రాలేదండీ అని.

రేపు చెప్దాం అనుకున్న మాట నిజం. రోజూ అనుకున్నాను. చెప్పకూడదని ఏ రోజూ అనుకోలేదు. జూలై అయిదు దాటిపోయింది.

కవరు నా టెన్త్ తెలుగు వాచకంలో పెట్టాను. తొలి సెలవులకి ఇంటికొచ్చి చూస్తే పుస్తకాలు లేవు. పాత పేపర్ల వాడికి వేసి ఉంటారనుకున్నాను. ఎవర్నీ అడగలేదు.

ఆ కాలేజీ వల్ల డిగ్రీ, డిగ్రీ వల్ల బి.ఎడ్., దానివల్ల ఈ ఉద్యోగం. ఇప్పుడు కూర్చున్న ఈ కుర్చీ.

నవంబరు 17, ఆదివారం

వెళ్ళొచ్చాను. చీర అంచుకి బురద ఇంకా అలాగే ఉంది. మర్చిపోకముందు రాయాలి. మర్చిపోతానని కాదు. మార్చి రాసుకుంటానేమోనని.

ఏలూరు బస్టాండులో లంక బస్సెక్కాను. మావారు భాస్కరరావుగారికి బ్యాచ్ పని మీద వెళ్తున్నానని చెప్పాను. వంతెన దాటాక రెండు పక్కలా చేపల చెరువులే. చెరువు గట్టు మీద మేత బస్తాలు, అవతల గుర్రపుడెక్క, దాని మీద తెల్లగా కొంగలు. పొలాలెక్కడ అయిపోతాయని, సరస్సు ఎక్కడ మొదలవుతుందని కండక్టర్ని అడిగితే, "ఇదంతా సరస్సేనండీ," అన్నాడు.

షెడ్డుకి బోర్డు లేదు. రేకులు, నాలుగు బల్లలు. చెరువుల పనివాళ్ళు పాతికమంది దాకా తింటున్నారు. భవాని చేపల పులుసు గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతోంది. జుట్టు సగం నెరిసింది. నా వంక చూసింది.

"రండి, కూర్చోండి. బల్ల ఖాళీ అవుతుంది."

"భవానీ, నేను..."

"కూర్చోండి," అంది మళ్ళీ.

రెండు గంటలు కూర్చున్నాను. మధ్యలో ఒకసారి వచ్చి, "మీరు చేప తినరు కదా. పప్పు ఉంది, వడ్డించమంటారా?" అంది. తినలేనన్నాను. అందరూ వెళ్ళాక బల్లలు తుడిచింది, గిన్నెలు నీళ్ళలో వేసింది, చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆండాళ్ళువి కదూ. గట్టు దిగేటప్పుడే పోల్చాను. అచ్చం మీ నాన్నగారి నడక."

నాన్నగారి నడక దీనికెలా గుర్తుందా అనిపించింది. స్కూల్లో చూసింది కదా అనుకున్నాను. రిహార్సల్ చేసుకున్న మాటలన్నీ పోయాయి. పిల్లలు ఎంతమంది అని అడిగాను. ఒక్కతే, ఇందుజ, నర్సింగ్ చేసి కైకలూర్లో ఉంటోందట. వాళ్ళాయన పోయి ఆరేళ్ళు. సొసైటీ చెరువులో వాళ్ళకో వాటా ఉండేది, సరస్సు ఆక్రమణలని ప్రభుత్వం గట్లు కొట్టించినప్పుడు పోయింది. అప్పట్నుంచీ ఈ షెడ్డు. అన్నీ ఎవరో అడ్రసు అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"భవానీ, ఆ కాలేజీ ఉత్తరం వచ్చిందే. నేనే..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు దాచావని. చించి చదివి, వాచకంలో పెట్టావని."

అది లేచి కుండలో నీళ్ళు ముంచి నా ముందు పెట్టింది.

"మాష్టారు మీ పాత పుస్తకాలు హాస్టలు పిల్లలకి ఇచ్చేవారు కదా ఏటా. నీ వాచకం ఇవ్వబోతుంటే కవరు పడిందట. అది తీసుకుని ఇక్కడికొచ్చారు. ఆ కార్తీకంలోనే. అప్పుడు వంతెన లేదు. బస్సు దిగాక పడవ మీద వచ్చి, పంచె తడుపుకుని, మా నాన్న చేతిలో పెట్టారు. మా నాన్నకి చదువు రాదుగా. నన్ను చదవమన్నాడు. పైకి చదివాను. అప్పటికి గడువు అయిపోయి నాలుగు నెలలు."

"నాన్నగారేమన్నారు?"

"మా నాన్న కాళ్ళు పట్టుకోబోయారు. మా నాన్న ఒప్పుకుంటాడా? పంతులుగారు మీరదేం పనండీ అని గోలపెట్టాడు. పై ఏడు నన్ను తన ఇంట్లో పెట్టుకుని చదివిస్తానన్నారు. అప్పటికే నాకు సంబంధం ఖాయం చేసేశారు. మాఘంలో పెళ్ళి, ఈ లంకలోనే."

"నాతో ఒక్క మాట కూడా..."

"అనొద్దని మాకూ చెప్పారు. 'దానంతట అదే రావాలి అమ్మా, నేను పంపితే వచ్చినట్టు కాదు' అన్నారు. ఆ తర్వాత ఏటా కార్తీకంలో ఒకరోజు వచ్చేవారు. షెడ్డు వేశాక, ఇదిగో, ఈ రాటకి ఆనుకుని కూర్చునేవారు. 'దాని దగ్గర్నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా అమ్మా?' అని అడిగేవారు. రాలేదండీ అనేదాన్ని. మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. పదహారేళ్ళు వచ్చారు. పదిహేడో ఏడు రాలేదు. ఇంకెవర్నో అడిగితే, శ్రావణంలో పోయారన్నారు."

కార్తీకమాసంలో ఒకరోజు నాన్నగారు ఒంటరిగా వెళ్ళేవారు. కొల్లేటికోట అమ్మవారి దర్శనం అనేవారు. నేనూ వస్తానని ఒక్కసారి కూడా అనలేదు నేను.

నేను ఏడుస్తుంటే అది ఆపమనలేదు. దగ్గరికి రాలేదు. గట్టు వంక చూస్తూ కూర్చుంది. తర్వాత అంది.

"నేనూ చూశాను నీకోసం. మూడు, నాలుగేళ్ళు. ఇందుజ పుట్టాక మానేశాను. కోపం లేదంటే అబద్ధం. బియ్యం కడుగుతుంటే ఒక్కోసారి వస్తుంది. నా మార్కులు నీకంటే ఎక్కువ. ఆ సంగతి ఇప్పుడు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద మనిద్దరమే."

"నన్ను ఏం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. నువ్వు చెప్పేసి వెళ్తే నీకు తేలికవుతుంది. నాకేమవుతుందో ఆలోచించు."

బస్సు టైమైంది. డిసెంబరు పదిహేను సంగతి చెప్పాను. రాదనుకున్నాను.

"వస్తాను. అందర్నీ చూడాలనుంది. స్టేజీ ఎక్కించకండి నన్ను. నువ్వు వాళ్ళతో చెప్తావో మానతావో నీ ఇష్టం. నా కోసం చెప్పానని మాత్రం అనకు."

నవంబరు 18

పదహారు సార్లు.

నవంబరు 19

నేను కాలేజీలో చేరిన రోజు నాన్నగారే దిగబెట్టారు, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని. ఆ తొలి సెలవులనుంచి ఆయన మళ్ళీ ఆ కాలేజీ గేటు తొక్కలేదు. ఇంటర్లో ఫస్టు క్లాసొస్తే ఊఁ అన్నారు. ఉద్యోగం వచ్చినప్పుడు అక్షింతలు వేశారు, నోటితో ఏమీ అనలేదు. అందరితోనూ నాన్నగారు ముభావి అని చెప్పేదాన్ని.

స్కూల్లో పిల్లలకి ఆయన పద్యం చెప్తుంటే వరండాలో వెళ్ళేవాళ్ళు నిలబడిపోయేవారు. ముభావి ఎలా అవుతారు?

నవంబరు 24, ఆదివారం

భాస్కరరావుగారికి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి మొత్తం విన్నారు.

"చిన్నతనం. ముప్పై ఏళ్ళ కిందటిది. ఆవిడకి చెప్పేశావుగా. ఇంకెవరితోనూ అనకు. పిల్లతో అసలు అనకు," అన్నారు.

"శనివారం అది నా గురించి మాట్లాడబోతోందండీ."

"మాట్లాడనీ. దానివల్ల ఎవరికి నష్టం?"

ఆయన మంచికే చెప్తున్నారు. నేను కూడా ఇన్నాళ్ళూ నాతో ఇదే మాట అనుకున్నాను, ఇంతే నెమ్మదిగా.

నవంబరు 26

మనస్వికి చెప్పాను. కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అక్కడే, పంపు దగ్గర. కూర్చోబెట్టి చెప్పాలనుకుంటే ఇంకో వారం పోతుంది.

కొళాయి కట్టేసింది.

"ఆవిడకెన్ని మార్కులు?" అంది.

"నాకంటే ఇరవై ఒకటి ఎక్కువ."

"నీకు ఇన్నాళ్ళూ గుర్తున్నాయా?"

గుర్తున్నాయన్నాను. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నవంబరు 30

మనస్వి వాళ్ళ ఫిజిక్స్ మేడమ్ గురించి మాట్లాడిందట. ప్రైజు రాలేదు. భాస్కరరావుగారు చెప్పారు. నాతో అది అన్నం, పులుసు, ఉప్పు మాత్రమే మాట్లాడుతోంది.

డిసెంబరు 5

ఈ పూట మనస్వి నా పక్కకొచ్చి బట్టలు మడత పెట్టింది. "నేనైతే ఆ కవరు ఇచ్చేదాన్నా అని ఆలోచిస్తున్నానమ్మా. ఇచ్చేదాన్ననే అనుకుంటున్నాను," అంది. మళ్ళీ, "నువ్వు కూడా అప్పుడు అలాగే అనుకునేదానివి కదా," అంది.

అది ఇంకో చీర తీసుకుని రెండో అంచు నా చేతికిచ్చింది.

డిసెంబరు 16, సోమవారం

సెలవు పెట్టాను.

నిన్న గూడెంలో ఫంక్షన్ హాలు. నరసరాజు ఎక్కడా లోటు చెయ్యలేదు. గుమ్మంలో మా టెన్త్ గ్రూప్ ఫొటో, మనిషంత ఎత్తు. స్పీకర్లలో ఆ సినిమా పాటే. భవాని పదింటికే వచ్చింది, ఆకుపచ్చ నేతచీరలో. అందరూ చుట్టుముట్టారు. విక్టోరియా దాన్ని పట్టుకుని ఏడ్చేసింది. అది అందర్నీ పేరు పేరునా గుర్తుపట్టి, ఎవరు ఎక్కడ కూర్చునేవారో చెప్పింది. నరసరాజు లెక్కల పరీక్షలో ఎవరి పేపర్లో చూసేవాడో చెబితే హాలంతా నవ్వింది. అది అంతలా నవ్వించగలదని నేను మర్చిపోయాను.

భోజనాలకి ముందు మైకు తిప్పారు. సినిమాలో లాగే. 'నేను మిస్సయిన చాన్సు' అని ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకడు లవ్‌లెటర్ గురించి చెప్పాడు. ఒకామె డాన్సు గురించి. ఈలలు, చప్పట్లు. మైకు నా దగ్గరికొచ్చింది.

"నేనే చాన్సూ మిస్సవలేదు. ఇంకొకళ్ళది తీసుకున్నాను," అన్నాను.

జోకనుకుని వెనక ఎవరో నవ్వారు. చెప్పాను. కవరు, గేటు, నాలుగుసార్లు లేదనడం. వానలని చెప్పుకోవడం. నాన్నగారి పేరు ఎత్తలేదు. అది నేను అందరి ముందూ పెట్టాల్సింది కాదు. కూర్చున్నాను.

ముందుగా తేరుకున్నది నరసరాజే. మంచి మనసు అతనిది. కళ్ళు తుడుచుకుంటూ మైకు తీసుకున్నాడు.

"చూశారా! ఇదీ ఫ్రెండ్‌షిప్ అంటే. ఇంత ధైర్యంగా ఎవరొప్పుకుంటారండీ? భవానీ, ఒక్కసారి ఇలా రామ్మా. ఇద్దరూ ఒక్కసారి..."

ఫోన్లు లేచాయి. ఆపరేటరు పాట పెట్టేశాడు.

భవాని కుర్చీలోంచి లేవలేదు. "రానండి రాజుగారూ. ఆ పాట కట్టెయ్యమనండి," అంది. గట్టిగా కాదు. అన్నం సరిపోతుందని చెప్పే గొంతుతో. పాట ఆగింది. "ఆవిడ చెప్పింది నిజం. నేను విన్నాను. ఆకలేస్తోంది, భోజనాలు పెట్టించండి."

భోజనాల్లో నా బల్ల దగ్గర నాతో కలిపి ముగ్గురే ఉన్నారు. ఒకాయన వచ్చి, "ఇవన్నీ ఇలాంటి రోజున ఎందుకండీ," అన్నాడు. విక్టోరియా నా దగ్గరికొచ్చి నిలబడి, "నేను కూడా ఆ ఎంట్రన్సు రాశానే. అది చేరకపోతే కొల్లేటోళ్ళకి చదువు మీద శ్రద్ధ ఉండదని మా ఇంట్లో అనుకున్నాం. ముప్పై ఏళ్ళు అదే అనుకున్నాం," అని వెళ్ళిపోయింది. నిన్న తీసిన గ్రూప్ ఫొటోలో నేను ఆ చివర, భవాని ఈ చివర.

నాలుగింటికి ఏలూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోతుంటే భవాని ఎక్కింది. ఖాళీలు చాలా ఉన్నాయి. అటూ ఇటూ చూసి నా పక్కన కూర్చుంది. ఎవరి టికెట్టు వాళ్ళం తీసుకున్నాం.

భీమడోలులో పల్లీలు కొని పొట్లం ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఆ కాలేజీ ఎలా ఉండేది?" అంది.

"ఏంటి?"

"ఎలా ఉండేదో చెప్పు. మొదటి రోజునుంచి చెప్పు."

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. గేటునుంచి మొదలుపెట్టాను. గేటు పక్క వాచ్‌మేన్ గది, దాని మీద కాకరతీగ. లోపల ఎర్రమట్టి దారి, రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు. హాస్టల్లో మూడో గది, ఆరు మంచాలు. నాది కిటికీ పక్కది.

"కిటికీలోంచి ఏం కనపడేది?"

"చింతతోపు. దాని వెనక రైలు కట్ట."

"రైళ్ళు రోజుకెన్ని?"

చెప్పాను. మెస్సులో ఆదివారం పూరీ అని చెప్పాను. పొద్దున్నే అయిదింటికి బెల్లు. ఫిజిక్స్ ల్యాబులో మొదటిసారి పట్టకంలోంచి గోడ మీద రంగులు పడితే అమ్మాయిలందరం అరిచిన సంగతి చెప్పాను. ఫిజిక్స్ మేడమ్ గురించి చాలాసేపు చెప్పాను. ఆవిడ బోర్డు మీద సగం లెక్క చేసి, సుద్దముక్క మన చేతికిచ్చి వెనక్కి వెళ్ళి నిలబడేది.

"ఎవరికిచ్చేది ఎక్కువ?"

"చేయెత్తినవాళ్ళకి."

"నువ్వెత్తేదానివా?"

"మొదటి ఏడాది ఎత్తలేదు."

భవాని ముందు సీటు కడ్డీ పట్టుకుని వింటూనే ఉంది. ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు. ఇంట్లో వాళ్ళకి, పిల్లలకి, కొలీగ్స్‌కి ఎంతోమందికి ఆ కాలేజీ గురించి చెప్పాను. ఇంత వివరంగా ఎవరూ అడగలేదు. ఇన్ని గుర్తున్నాయని నాకూ తెలియదు. వాడుకున్నదాన్ని నేను. పోగొట్టుకున్న మనిషి అడుగుతుంటే ఒక్కొక్కటీ తీసి చూపిస్తున్నట్టుంది.

ఏలూరు వచ్చేసింది. మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షల దగ్గరున్నాను. లంకకి ఆఖరి బస్సు స్టార్టు చేసి ఉంది. అది సంచి భుజాన వేసుకుంది.

"రెండో ఏడాది ఉంది కదా ఇంకా," అంది.

"ఉంది."

"ఆదివారం రా. మూడు దాటాక రా, అంతవరకూ నాకు పనుంటుంది."

వెనక్కి తిరగకుండా వెళ్ళి బస్సెక్కింది.

డిసెంబరు 22, ఆదివారం

రెండింటికే వెళ్ళాను. మూడయ్యేదాకా గట్టు మీద కూర్చోబెట్టింది.

రెండో ఏడాది మొదలుపెట్టాను. బోటనీ రికార్డుల దగ్గర ఆపింది.

"మందారప్పువ్వు నిలువుకోత వేశారా?"

"వేశాం."

"బొమ్మలు నీ అంతట నువ్వే వేసేదానివా?"

"అవును. సరిగ్గా వచ్చేవి కావు. మళ్ళీ మళ్ళీ వేసేదాన్ని."

చేతులు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూసింది.

"నేనైతే బాగా వేసేదాన్ని," అంది.

అవునన్నాను.